సాక్షి నుంచి కర్త దాకా: వీడియో గేమ్, ధారావాహిక, నవలల్లో సహృదయుని స్థానం

వ్యాససంగ్రహం:

కథ వినేవారు, చదివేవారు, చూసేవారు ఆ కథలో జరిగే పనికి బాధ్యులు కారన్న అంగీకారం మీద మన రసచర్చ నిలిచి ఉంది. కథలోని పనిని తన చేతితో తానే చేయవలసి వచ్చే వీడియో గేమ్ ఈ అంగీకారాన్ని కదిలిస్తుంది. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ అనే గేమ్ (2013), దాని రెండవ భాగం (2020), అదే పేరుతో వచ్చిన టెలివిజన్ ధారావాహిక (2023, 2025), గేబ్రియెల్ జెవిన్ నవల ‘టుమారో, అండ్ టుమారో, అండ్ టుమారో’ (2022) ఆధారంగా, ప్రక్రియను బట్టి సహృదయుని స్థానం ఎలా మారుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భరతుడు, అభినవగుప్తుడు, ధనంజయుడు ప్రతిపాదించిన భావనలు ఈ పరిశీలనకు ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో చూడడం దీని లక్ష్యం.

కీలకపదాలు: వీడియో గేమ్, అనుసృజన, సహృదయుడు, సాధారణీకరణం, ఉత్సాహం, వ్రీడ, బాధ్యత.

1. ఉపోద్ఘాతం

ఇటీవల ఈ వ్యాసకర్త ఇష్టంగా ఆడిన ఒక ఆట, చూసిన ఒక ధారావాహిక, చదివిన ఒక నవల వేర్వేరు దారుల్లో ఒకే ప్రశ్న దగ్గరికి తీసుకువచ్చాయి. కథలో ఒక మనిషి చేయరాని పని చేస్తాడు. ఆ పనిని గురించి చదవడం ఒక అనుభవం. దాన్ని తెరమీద చూడడం మరొకటి. ఆ పని జరగాలంటే మన వేలే మీట నొక్కాలన్నప్పుడు కలిగేది ఏమిటి? దానికి మన విమర్శ పరిభాషలో పేరు ఉందా?

తెలుగు శాఖల్లో వీడియో గేమ్ ప్రస్తావన సాధారణంగా వ్యసనం, కాలహరణం అనే మాటలతోనే వస్తుంది. నవలాపఠనం యువతను చెడగొడుతుందన్న మాట కూడా ఒకప్పుడు ఇంతే గట్టిగా వినిపించింది. నవలను మనం చివరకు సాహిత్యంగా అంగీకరించింది దాని మీద జాలితో కాదు, దాన్ని అడగవలసిన ప్రశ్నలు నేర్చుకున్నాం కాబట్టి. గేమ్‌ను వెనకేసుకురావడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కావ్యాన్ని అడిగే ప్రశ్నలనే దాన్నీ అడిగితే అది ఏ సమాధానం చెబుతుందో, ఆ ప్రశ్నలు ఎంత గట్టివో తేలుతుందన్నదే ఉద్దేశం.

ప్రక్రియ మారినప్పుడు కథ మారడం తెలుగువారికి కొత్త విషయం కాదు. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయం జానపదుల కల్పనలోంచి రంగస్థలానికి, అక్కడి నుంచి ‘మాయాబజార్’ (1957) తెరకు నడిచిన తీరు మనకు తెలుసు. అయితే మన అనుసృజన చర్చ చాలావరకు మూలంలో ఏది మారింది, ఏది చేరింది, ఏది పోయింది అన్నచోట ఆగుతుంది. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నతోపాటు మరొకటి అడగడమైనది: కథ మారినప్పుడు దాన్ని గ్రహించేవారు ఎక్కడ నిలబడ్డారు?

2. అలంకారశాస్త్రంలో ఆట, దూరం

నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో దేవతలు బ్రహ్మను కోరింది ‘క్రీడనీయకం’. అంటే ఆడుకునే వస్తువు. చూడడానికీ వినడానికీ వీలైనది. నాట్యం పుట్టుక ఒక ఆటవస్తువు కోసం చేసిన అభ్యర్థన నుంచి మొదలైందని భరతుడు చెప్పిన ఈ సంగతిని మనం సాధారణంగా త్వరగా దాటిపోతాం. దేవతలు అడిగింది ఆటవస్తువు. వారికి దక్కింది ప్రదర్శన. ఆడుకోవడానికీ చూడడానికీ మధ్య ఉన్న ఆ తేడాయే ఇక్కడ పరిశీలనాంశం.

ఆ తర్వాతి రసచర్చ మొత్తం చూసేవారి వైపు నుంచే సాగింది. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ప్రకారం రాముని శోకం రాముడనే ఒక వ్యక్తికి చెందినదిగా ఉండదు, ప్రేక్షకుని సొంత శోకంగానూ మిగలదు. అది ఎవరిదీ కాని, అందరిదీ అయిన భావంగా మారుతుంది. అభినవగుప్తుడు అభినవభారతిలో రసానుభవానికి ఏడు విఘ్నాలను చెప్పాడు. కనిపించే సుఖదుఃఖాలు తనవేనని గాని, ఫలానా పరాయివాడివని గాని, ఒక దేశకాలానికి కట్టుబడినట్టు అనుకోవడం వాటిలో ఒకటి. సహృదయుడు భావానికి దగ్గరగా, పనికి దూరంగా ఉండాలి. ఈ దూరం చెడితే రసం చెడుతుంది.

దశరూపకకర్త ధనంజయుడు ఇదే విషయాన్ని మరో ఉపమానంతో వివరించాడు. మట్టి ఏనుగులతో ఆడుకునే పిల్లలు తమ ఉత్సాహాన్నే తాము ఆస్వాదించినట్టు, శ్రోతలు అర్జునాది పాత్రల ద్వారా తమ ఉత్సాహాన్నే ఆస్వాదిస్తారన్నది ఆయన మాట. ఈ ఉపమానం మన పరిశీలనకు కీలకం. ఇక్కడ సహృదయుడికి పోలిక ప్రేక్షకుడితో పెట్టలేదు, ఆడుకునే పిల్లవాడితో పెట్టారు. ఏనుగు మట్టిదని పిల్లవాడికి తెలుసు. అయినా దాన్ని కదిలించే చేయి అతనిదే, రుచి చూసే ఉత్సాహమూ అతనిదే. పదవ శతాబ్దపు ఈ ఉపమానం వీడియో గేమ్ ఆడేవారికి ఆశ్చర్యకరంగా సరిపోతుంది. ఒక్క సందేహం మాత్రం మిగులుతుంది. ఆ ఆటలో పిల్లవాడు చేయరాని పని చేయవలసి వస్తే, అప్పుడు అతడు ఆస్వాదించేది ఏమిటి?

శ్రోత జోక్యం చేసుకునే సాహిత్యరూపం మనకు లేకపోలేదు. అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధించినప్పుడల్లా పద్యం దారి మారుతుంది. అయితే ఆ పద్యం మంచిచెడులకు జవాబుదారీ అవధానిదే. పృచ్ఛకుడు అడ్డంకి కల్పిస్తాడు, ఆశ్చర్యంలో పాలుపంచుకుంటాడు. జోక్యం ఉంది, బాధ్యత లేదు. గేమ్ ఈ రెండింటినీ ఒకచోట చేర్చడానికి ప్రయత్నిస్తుంది.

3. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’: చేయి ఎవరిది?

నాటీ డాగ్ సంస్థ రూపొందించిన ఈ గేమ్ 2013 జూన్‌లో ప్లేస్టేషన్ 3 కోసం విడుదలైంది. రచన, సృజనాత్మక దర్శకత్వం నీల్ డ్రక్‌మన్‌వి. కార్డిసెప్స్ అనే శిలీంధ్రం మనుషుల మెదళ్లకు సోకి నాగరికత కూలిపోతుంది. ఆ తొలి రాత్రే జోయెల్ తన కూతురు సారాను పోగొట్టుకుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత, ఆ శిలీంధ్రం సోకినా రోగం రాని పద్నాలుగేళ్ల ఎల్లీని అమెరికా ఒక కొస నుంచి మరో వైపుకు చేర్చే పని అతని మీద పడుతుంది. ‘ఫైర్‌ఫ్లైస్’ అనే తిరుగుబాటు బృందం ఆమె ద్వారా మందు తయారు చేయాలనుకుంటుంది. అందుకు ఆమె మెదడులో పెరిగిన శిలీంధ్రాన్ని తొలగించాలి, అంటే ఆమె చనిపోవాలి. జోయెల్ ఆస్పత్రిలోని వారిని చంపి ఆమెను ఎత్తుకుపోతాడు. మెలకువ వచ్చాక ఆమెకు అబద్ధం చెబుతాడు.

కథగా చెబితే ఇంతే. ఆటగా చూస్తే దీని నిర్మాణంలో మరో విషయం కనిపిస్తుంది. ఆరంభంలో ఆటగాడి చేతిలో ఉండేది జోయెల్ కాదు, సారా. అర్ధరాత్రి లేచి తండ్రిని వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగే ఆ పిల్లను మనమే నడిపిస్తాం. కొద్దిసేపటికి ఆమె కాలు విరుగుతుంది. అప్పుడు నియంత్రణ జోయెల్‌కు మారుతుంది. ఇంతవరకు మనం ‘అయి’ ఉన్న పిల్లను ఇప్పుడు మనమే ఎత్తుకుని పరుగెడతాం. ఆమె మరణం తండ్రికి కలిగిన నష్టంగానే కాక, మనలోంచి ఒక భాగాన్ని ఎవరో తీసేసినట్టుగా తగలడానికి కారణం ఈ మార్పిడి.

చివరి అధ్యాయంలో నియంత్రణ ఎల్లీ చేతికి వస్తుంది. జోయెల్ వెనక మనం ఆమెగా నడుస్తాం. చెప్పింది నిజమేనని ప్రమాణం చేయమని ఆమె అడుగుతుంది, అతడు చేస్తాడు. ఆస్పత్రిలో ఏం జరిగిందో మన చేతులకు తెలుసు, ఎందుకంటే ఆ పని చేసినవి అవే. అబద్ధం వింటున్న చెవులు మాత్రం ఇప్పుడు ఎల్లీవి. చేసినవాడూ మోసపోయిన పిల్లా ఒకే ఆటగాడిలో కలుసుకుంటారు. ఒక కూతురి చేతుల్లో మొదలై మరో కూతురి చేతుల్లో ముగిసే ఈ నిర్మాణం ఆటకు మాత్రమే సాధ్యమైన శిల్పం.

ఈ రెండింటి మధ్య ఆస్పత్రి ఘట్టం ఉంది. శస్త్రచికిత్స గదిలో వైద్యుడు కత్తి పట్టుకుని అడ్డుగా నిలుస్తాడు. ఆటగాడు ఎంతసేపు ఆగినా అతడు తప్పుకోడు, ఆట ముందుకు సాగదు. అతన్ని చంపితేనే కథ కదులుతుంది. గదిలో ఉన్న మిగతా ఇద్దరిని వదిలేయవచ్చు, చంపనూవచ్చు. ఆట మనకు ఇచ్చిన స్వేచ్ఛ అంతమాత్రమే. చేయి మనది, నిర్ణయం రచయితది. ఈ ఘట్టం బలమూ బలహీనతా ఈ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి.

బలహీనతను దాచిపెట్టడం విమర్శ పని కాదు. ఈ గదికి వచ్చేలోపు ఆటగాడు పేరులేని శత్రువులను లెక్కలేనంత మందిని చంపి ఉంటాడు. గురి కుదిరినప్పుడల్లా సంతోషించి ఉంటాడు. అంత నైపుణ్యాన్ని ప్రోత్సహించిన ఆట ఒక్క వైద్యుడి దగ్గర ఆగి మనస్సాక్షిని అడగడంలో పరస్పర విరుద్ధత ఉంది. రెండవ భాగం (2020) ఈ లోపాన్ని గుర్తించినట్టు కనిపిస్తుంది. అందులో శత్రువు పడిపోతే అతని తోటివారు పేరు పెట్టి అరుస్తారు. ఆ వైద్యుడికీ ఒక కూతురు ఉందని, ఆమె పేరు యాబీ అని తెలుస్తుంది. ఆమె జోయెల్‌ను చంపుతుంది. ప్రతీకారం కోసం బయలుదేరిన ఎల్లీగా సియాటిల్ నగరంలో మూడు రోజులు గడిపిన తర్వాత, అవే మూడు రోజులను ఆటగాడు యాబీగా మళ్లీ గడపాలి. చివరకు యాబీ చేతులతో ఎల్లీ మీదనే దాడి చేయాలి. ద్వేషించిన మనిషి చేతులు మనకు తొడిగి, ప్రేమించిన మనిషిని ఎదురుగా నిలబెట్టడం పరాయి దృక్కోణాన్ని అర్థం చేయించడం కంటే కఠినమైన పని.

4. ధారావాహిక: చూపు ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది?

క్రెయిగ్ మేజిన్, నీల్ డ్రక్‌మన్ కలిసి హెచ్‌బీవో కోసం రూపొందించిన ధారావాహిక మొదటి భాగం 2023 జనవరిలో తొమ్మిది అధ్యాయాలుగా ప్రసారం మొదలుపెట్టింది. పెడ్రో పాస్కల్ జోయెల్‌గా, బెల్లా రామ్సీ ఎల్లీగా నటించారు. గేమ్‌కు సంగీతం కూర్చిన గుస్తావో శాంతావోలాయా బాణీలు ఇందులోనూ వినిపిస్తాయి. మూలరచయితే అనుసృజనలో భాగస్వామి కావడం వల్ల ఇందులోని మార్పులను తెలియక చేసినవిగా కొట్టిపారేయలేం.

వాటిలో అత్యుత్తమమైనది మూడవ అధ్యాయం. గేమ్‌లో బిల్ ఒక పాడుబడ్డ ఊళ్లో ఉచ్చులు పన్నుకుని ఒంటరిగా బతికే మనిషి. అతని సహచరుడు ఫ్రాంక్ మనకు శవంగా, బిల్ మీద కసితో రాసిన ఒక ఉత్తరంగా మాత్రమే తెలుస్తాడు. ఆ ఊళ్లో ఆటగాడు చేసేది పోరాటం. ఒక ఉచ్చులో తలకిందులుగా వేలాడుతూ కాల్పులు జరపాలి. ధారావాహిక ఈ పోరాటాన్ని దాదాపుగా పక్కన పెట్టి, బిల్, ఫ్రాంక్‌ల ఉమ్మడి జీవితాన్ని సుమారు పదహారేళ్ల నిడివిలో చూపింది. ఒక భోజనం, ఒక పియానో, ఒక స్ట్రాబెర్రీ మడి, వృద్ధాప్యం, వ్యాధి, ఇద్దరూ కలిసి ఎంచుకున్న మరణం. కసి నిండిన ఉత్తరం స్థానంలో జోయెల్‌కు బిల్ రాసిన వీడ్కోలు ఉత్తరం వచ్చింది.

ఇక్కడ కథ మారిందనడం తేలిక. కారణం ప్రక్రియలోనే ఉంది. ఆటగాడి చేతికి ప్రతి కొద్ది నిమిషాలకూ పని కావాలి. పదహారేళ్ల దాంపత్యంలో అలా చేతికి ఇవ్వదగిన పని లేదు. దాన్ని చూడాలి, కాలం గడవడాన్ని ఓపికగా చూడాలి. చేయి ఖాళీ అయినప్పుడే కంటికి ఆ జీవితం కనిపించింది. సాధారణీకరణం సంపూర్ణంగా పనిచేసిన ఘట్టమిది. బిల్, ఫ్రాంక్‌లు ఎవరో మరిచిపోయి, కలిసి ముసలివారవడం అనే భావం దగ్గర ప్రేక్షకుడు నిలుస్తాడు.

ఆస్పత్రి ఘట్టంలో మాత్రం చూపు తీసుకున్నది ఎక్కువ. జోయెల్ కారిడార్లలో జరిపిన హత్యాకాండను ధారావాహిక శబ్దాలను అణచి, విషాద సంగీతం నడుమ చూపింది. అది ప్రతిభావంతమైన ఎంపిక. మనం ఒక మనిషి మతి తప్పిన దుఃఖాన్ని చూస్తున్నామని స్పష్టంగా తెలుస్తుంది. ఆ స్పష్టతే మనల్ని విడుదల చేస్తుంది కూడా. అతన్ని అర్థం చేసుకోవచ్చు, తప్పుపట్టవచ్చు, కరుణించవచ్చు. మూడింటిలోనూ మనం సాక్షులం.

2025లో వచ్చిన రెండవ భాగంలో ఈ తేడా మరింత తేటతెల్లమవుతుంది. గేమ్‌లో యాబీ ఎవరో, ఎందుకు చంపిందో చాలా ఆలస్యంగా తెలుస్తుంది. తెలియని కోపంతో చాలా దూరం వెళ్లాక తెలిసే నిజం కాబట్టి అది ఆటగాణ్ని తాకుతుంది. ధారావాహిక ఆమె పగను మొదట్లోనే చెప్పేసింది. ప్రేక్షకుణ్ని ఆమె చేతుల్లోకి దించే మార్గం టెలివిజన్‌కు లేదు కనుక ముందుగానే ఆమె కారణాన్ని అతని ముందు పెట్టక తప్పలేదు. ఆచరణ ద్వారా రావలసిన ఎరుక సమాచారం ద్వారా వచ్చింది. ఇది దర్శకుల లోపం కాదు, ప్రక్రియ పరిధి.

5. నవల: ఆటను చదవడం

జెవిన్ నవల 2022 జులైలో వెలువడింది. దీని పేరు షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ ఐదవ అంకంలోని స్వగతం నుంచి తీసుకున్నది. సామ్, సేడీ పిల్లలుగా ఉన్నప్పుడు ఒక ఆస్పత్రిలో వీడియో గేమ్ ఆడుతూ స్నేహితులవుతారు. ఆమె తనతో గడిపిన ఆరు వందలకు పైగా గంటలను సమాజసేవగా నమోదు చేసుకుందని తెలిసి అతడు మాట్లాడడం మానేస్తాడు. ఏళ్ల తర్వాత మళ్లీ కలిసి, మిత్రుడు మార్క్స్ సాయంతో గేమ్‌లు తయారుచేస్తారు. ముప్పై ఏళ్ల ఆ చెలిమి, పని, ఈర్ష్య, నష్టం నవలకు వస్తువు.

విద్యార్థిగా ఉండగా సేడీ ‘సొల్యూషన్’ అనే చిన్న ఆట చేస్తుంది. ఆటగాడు ఒక కర్మాగారంలో వస్తువులు తయారుచేస్తూ మార్కులు కూడబెట్టాలి. ఏం తయారవుతోందని అడిగే అవకాశం ఉంది, కాని అడిగితే మార్కులు తగ్గుతాయి. అడగకుండా గెలిచినవారికి చివర్లో తెలుస్తుంది, ఆ కర్మాగారం నాజీలకు పనిచేసిందని. ఎక్కువ మార్కులు వచ్చినవారే ఎక్కువ దోషులు. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ చేతిని అడిగి నిర్ణయాన్ని తన దగ్గర ఉంచుకుంది. ‘సొల్యూషన్’ నిర్ణయాన్నీ ఆటగాడికే ఇచ్చింది. అంతకంటే లోతైన విషయం, ధనంజయుడు చెప్పిన ఉత్సాహాన్నే అది నేరంగా నిరూపించింది. మట్టి ఏనుగుతో ఆడిన పిల్లవాడి సంబరమే అతని మీద సాక్ష్యమైంది.

అయితే ‘సొల్యూషన్’ను మనం ఆడలేం, దాని గురించి చదువుతాం. అడగని ప్రశ్నకు సిగ్గుపడే అవకాశం నవల పాఠకుడికి లేదు. ఆ లోటును నవల తనదైన మరో బలంతో పూరించింది. ఆట తయారుచేసినవారి బాధ్యతను అది చూపుతుంది. తోటి విద్యార్థులు ఆ ఆట ఆడి గాయపడినప్పుడు సేడీ ఆ సంగతిని ఎదుర్కోవాలి. ఆడేటప్పుడు మనకు తయారీదారు కనబడడు. నవలలో కనబడతాడు.

నవల మధ్యలో ఒక అధ్యాయం మధ్యమపురుషలో నడుస్తుంది. తుపాకులతో ఆఫీసులోకి చొరబడినవారి కాల్పులకు గురై స్పృహ లేకుండా పడి ఉన్న మార్క్స్‌ను కథకుడు ‘నువ్వు’ అని సంబోధిస్తాడు. ఆ అధ్యాయం పేరు గేమ్ పరిభాషలో ఆటగాడి అధీనంలో లేని పాత్రకు వాడే మాట. పాఠకుణ్ని ‘నువ్వు’ అని పిలిచి, ఏమీ చేయలేని శరీరంలో ఉంచడం ఆటకు సరిగ్గా వ్యతిరేక దిశ. అంతకుముందు మార్క్స్ మాక్‌బెత్ నిరాశను తలకిందులు చేసి, ఆట అంటే మళ్లీ మళ్లీ మొదలుపెట్టగలగడమని వ్యాఖ్యానించి ఉంటాడు. ఆ మాట అన్నవాడికే మళ్లీ మొదలు దొరకదు. గేమ్‌లో జోయెల్ శత్రువు చేతిలో పోతే తెర నల్లబడి తిరిగి వెలుగుతుంది. సారా పోతే వెలగదు. ఆటకు తెలిసిన ఈ రెండు రకాల మరణాల మధ్య తేడాను నవల ఒక స్నేహితుడి మంచం పక్కన కూర్చుని చెప్పింది.

6. పూర్వపక్షం, సమాధానం

ఎంపిక లేని చోట బాధ్యత ఎక్కడిదన్నది ఇక్కడ సహజంగా వచ్చే ఆక్షేపం. వైద్యుణ్ని చంపక తప్పదని ఆటే నిర్బంధించినప్పుడు ఆటగాడి అపరాధభావం కృత్రిమం కాదా?

దీనికి సమాధానం మనకు తెలిసిన కథలోనే ఉంది. ద్రోణపర్వంలో అశ్వత్థామ మరణవార్తను ధర్మరాజు నోట పలికించింది కృష్ణుడు. ఆలోచన ఒకరిది, నోరు మరొకరిది. అయినా అంతవరకు నేలను తాకకుండా నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగింది. ఒకరి ప్రేరణతో చేసిన పని కూడా చేసినవాణ్ని అంటకుండా పోదని భారతం చెబుతోంది. న్యాయశాస్త్రానికి ఇది చాలకపోవచ్చు. భావశాస్త్రానికి చాలు.

ఆ భావానికి భరతుడు పేరు కూడా పెట్టాడు. ముప్పైమూడు వ్యభిచారిభావాల్లో ‘వ్రీడ’ ఒకటి. చేయరాని పని చేయడమే దాని స్వరూపమని, మాట తప్పడం, పశ్చాత్తాపం వంటివి దానికి విభావాలని నాట్యశాస్త్రం చెబుతుంది. కావ్యనాటకాల్లో వ్రీడ పాత్రకు చెందింది. ప్రేక్షకుడు దాన్ని చూస్తాడు, అతనికి అది కలగవలసిన పని లేదు. గేమ్‌లో వ్రీడ పాత్రలో కనబడకపోవచ్చు. జోయెల్ పశ్చాత్తాపపడడు. అది ఆటగాడిలో కలుగుతుంది. అభినవగుప్తుని లెక్కలో ఇది విఘ్నం, ఎందుకంటే భావం స్వగతమైపోయింది. ఈ వ్యాసకర్త దృష్టిలో గేమ్ ఆ విఘ్నాన్నే ఉపకరణంగా మార్చుకున్న ప్రక్రియ. ఉత్సాహం వ్రీడగా మారే క్షణమే దాని కళ. ఆ మార్పు జరగని గేమ్ కాలక్షేపంగా మిగులుతుంది. కాలక్షేపం తప్పు కాదు, కాని దాన్ని కావ్యంతో తూచనక్కర లేదు.

దీన్నిబట్టి రససిద్ధాంతం గేమ్‌కు పనికిరాదని తేల్చడం తొందరపాటు. సాక్షిగా ఉన్న సహృదయుణ్ని అది సమగ్రంగా వివరించింది. కర్తగా మారిన సహృదయుణ్ని గురించి ధనంజయుడు ఒక ఉపమానం మాత్రం ఇచ్చి ఆగాడు. ఆ ఉపమానాన్ని ముందుకు తీసుకుపోవడం మన తరం పని.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఒకే కథ మూడు ప్రక్రియల్లో గ్రహీతను మూడు చోట్ల నిలుపుతుంది. ధారావాహిక సాక్షిని చేస్తుంది, గేమ్ కర్తను చేస్తుంది, నవల ఆట వెనక ఉన్న మనిషిని చూపి ఆలోచించేవాణ్ని చేస్తుంది.

2. వీటిలో ఏదీ మరొకదానికి నకలు కాదు, మెరుగు కూడా కాదు. బిల్, ఫ్రాంక్‌ల జీవితం ఆటకు అందలేదు. వైద్యుడి ముందు ఆగిన చేయి ధారావాహికకు అందలేదు.

3. గేమ్ కలిగించే విశిష్టభావాన్ని వ్రీడగా గుర్తించవచ్చు. అది పాత్ర నుంచి గ్రహీతకు మారడమే కొత్తదనం.

4. అనుసృజన అధ్యయనాల్లో కథాంశాల పోలికతోపాటు గ్రహీత స్థానాన్ని కూడా పరిశీలనాంశంగా చేర్చుకోవాలి.

మన తరగతి గదుల్లోకి వచ్చే విద్యార్థుల్లో కొందరు ఈ ఆటలు ఆడి వస్తున్నారు. వైద్యుడి ముందు ఆగిపోయిన ఆ క్షణాన్ని వారు అనుభవించి ఉంటారు, కాని దాన్ని చెప్పే మాట వారికి దొరకదు. మనం భరతుణ్ని పాఠంగా చెబుతాం, కాని ఆ క్షణం సంగతి అడగం. వారి అనుభవం, మన పరిభాష ఒకే బెంచీ మీద కూర్చుంటే ఇద్దరికీ లాభమే. దేవతలు బ్రహ్మను అడిగింది ఆడుకునే వస్తువునని ఆ విద్యార్థులకు చెప్పడంతో ఆ సంభాషణ మొదలుపెట్టవచ్చు.